పట్నం బండికి తోడొచ్చే మనిషి

ఆయన పోయాడన్న మాట నాకు కూరగాయల మార్కెట్లో తెలిసింది. చెప్పింది మా పాత క్వార్టర్ల లైనులో ఉండే ఒకావిడ. వంకాయలు ఏరుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆ పిచ్చి దవాఖాన కాక పోయిండట. మొన్ననే మట్టి జేసిండ్రట" అంది. అని, వంకాయలమ్మేవాడితో బేరంలో పడింది. ఆవిడ భర్తను ఒకప్పుడు పట్నం తీసుకుపోయి బాగుచేయించింది ఆయనే. ఆ సంగతి నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. అందుకే తల ఎత్తలేదనుకుంటాను.

గోదావరిఖనిలో ఆయన్ను అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. మొదట్లో అందరూ కాక అన్నారు. తర్వాత పిచ్చి దవాఖాన కాక అన్నారు. ఆ రెండో పేరు పెట్టింది బాయి దగ్గర క్యాంటీన్లో టీ కాచే ఒకతను. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఆ పేరు పెట్టిన రోజు నుంచి అతని చేతి టీ ఆయన మళ్లీ ముట్టలేదు. చూసేవాళ్లకు ఓర్పు గల మనిషిలా కనిపించేవాడు గాని, మనసులో పెట్టుకున్నదాన్ని తేలిగ్గా వదిలే రకం కాదు.

పొట్టి మనిషి. బాయి కింద పని చేసినవాళ్లకు ఉండే బలమైన భుజాలు. ఎడమ చెవి కింద నుంచి మెడ మీదికి ఒక నీలి మచ్చ. గాయంలో బొగ్గు పొడి ఉండిపోయి పైన చర్మం మూసుకుంటే అట్లా నీలంగా మిగిలిపోతుంది. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు. గడపలో నిలబడి తల ఎత్తి కప్పును చూసేవాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసుకుని, ఆ తర్వాతే కాలు లోపల పెట్టేవాడు. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం ఆయన పని. టింబర్‌మన్ అంటారు. ఆ పని మానేసిన చాలా ఏళ్లకు కూడా చూపు మారలేదు.

ఎదురుపడితే బాగున్నావా అని అడగడం లోకం తీరు. ఆయన అడిగే మాట వేరు. "నిద్ర పడ్తుందా?" పెళ్లి పందిట్లో కనిపించినా అదే, బస్సు కోసం నిలబడ్డ చోట కనిపించినా అదే. పిల్లలు వెనక నుంచి ఆ మాటే అరిచి పరుగెత్తేవాళ్లు. నేను పనిచేసే బడిలో టీచర్లకు కూడా అదొక నవ్వులాట. పొద్దున్నే ఆవలిస్తూ వచ్చినవాళ్లను పట్టుకుని, ఆయన గొంతు పెట్టి అడిగేవాళ్లు.

ఆ ప్రశ్న ఆయనకు ఊరికే పుట్టలేదు. ఎనభైల మొదట్లో ఆయన పనిచేసే చోట కప్పు కూలింది. పక్కనే ఉన్న ఇద్దరు పనివాళ్లు అక్కడే పోయారు. ఈయన్ను బయటికి లాగారు. ఒంటి మీద దెబ్బలు మానాయి. మళ్లీ డ్యూటీకి వెళ్లాడు. బాయి నోటి దాకా వెళ్లేవాడు గాని, లోపలికి అడుగు పడేది కాదట. ఆ తర్వాతి సంగతులు నాకు ఆయన భార్య చెప్పింది. ఆమెను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని.

"వాన గొట్టినా బయట్నె పండేటోడు బిడ్డా. ఇంట్ల పండుమంటే, కప్పు చప్పుడైతుంది ఇనవడ్తలేదా అని నా మీదికే లేచేటోడు. ఇగ నిద్ర కోసమని తాగుడు మొదలువెట్టిండు. తాగితె గంటసేపు పండేటోడు, లేచి మల్ల తాగేటోడు. ఆ సచ్చినోళ్లిద్దరు పట్టుకున్నరన్నరు. బాణామతి అన్నరు. మేకను గోసిన, కోళ్లను గోసిన, దర్గాల పండవెట్టిన. ఏం జేస్తె ఏమైంది."

చివరికి పట్నంలో రిక్షా తొక్కే ఆమె తమ్ముడు వచ్చి, బావను అక్కడి మానసిక వైద్యశాలకు తీసుకుపోయాడు. ఊరంతా దాన్ని పిచ్చాసుపత్రి అంటుంది గనుక చిన్నమ్మ ఆ రోజంతా ఏడ్చిందట. కొన్ని నెలలకు ఆయన తిరిగి వచ్చాడు. ఒళ్లు కాస్త చేసింది, చేతిలో మందు గోలీల సంచి ఉంది, తాగుడు లేదు. ఇంట్లో పడుకుంటున్నాడు. కింద పని చేయలేడని డాక్టర్లు రాసిస్తే, పైన లాంప్ రూములో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు తలకు కట్టుకునే దీపాలు అందించే పని.

అక్కడే ఆయనకు ఇంకో పని అంటుకుంది. కిటికీలోంచి దీపం అందుకునే చేతుల్ని చూసేవాడు. పొద్దుటి షిఫ్టుకే చెయ్యి వణుకుతున్నవాడు ఎవడు, నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డవాడు ఎవడు, దీపం తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడిపోయేవాడు ఎవడు, అన్నీ కనిపించేవి. "నిద్ర పడ్తుందా?" అని అడిగేవాడు. కొందరు తిట్టేవాళ్లు. కొందరు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. ఎప్పుడో ఒకడు, షిఫ్టు దిగాక, అటూ ఇటూ చూసుకుంటూ ఆయన క్వార్టరు వెనక సందులోకి వచ్చేవాడు. లేదా వాడి పెళ్లాం వచ్చేది. చిన్నమ్మ అనేది: "మా ఇంటికి ముందర గూడ ఒక దర్వాజ ఉన్నదని ఈ ఊరోళ్లకు ఎర్కలేదు బిడ్డా."

ఆయన చేసేది చూడటానికి చిన్న పనే. రామగుండం స్టేషన్లో పొద్దుటి బండి ఎక్కించి, పట్నంలో దించి, సిటీ బస్సులో ఆ దవాఖాన దాకా తీసుకుపోయి, డాక్టరు ముందు కూర్చోబెట్టేవాడు. ఒప్పించడం ఎట్లాగో, దారిలో ఎట్లా కూర్చోవాలో, అక్కడ ఎవరిని అడగాలో ఆయనకు తెలుసు. సెలవు పెట్టుకుని వచ్చేవాడు. దర్గాకు తీసుకుపోతామన్న వాళ్లను ఎన్నడూ వెక్కిరించలేదు. "పోండ్రి. దారం గట్టిచ్చుకోండ్రి. గోలి గూడ మింగుండ్రి. దేనికి దానికే" అనేవాడు.

మా అమ్మ ఇంటి ముందు నుంచి పోతూ ఒకసారి నన్నూ అడిగాడు, నిద్ర పడుతుందా అని. పడుతుందని చెప్పి లోపలికి వచ్చేశాను. నిజానికి అప్పటికి నెలల తరబడి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

మా నాన్న డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోతే, ఆ ఉద్యోగం మా తమ్ముడికి వచ్చింది. ఇంటర్ కూడా పూర్తి చేయలేదు. ఉద్యోగంతో పాటు స్నేహాలు వచ్చాయి, వాటితో పాటు గుడుంబా వచ్చింది. మొదట షిఫ్టు దిగాక తాగేవాడు. తర్వాత షిఫ్టుకు ముందు. తర్వాత షిఫ్టే లేదు, వారాల కొద్దీ నాగాలు. అమ్మ అందరితో, వానికి కామెర్లు అని చెప్పేది. నాకు పెళ్లై పక్క కాలనీలో ఉన్నా, రోజూ బడి నుంచి అక్కడికే పోయేదాన్ని. ఒకరోజు వెళ్లేసరికి అమ్మ వాణ్ని లోపలి గదిలో పెట్టి తాళం వేసి ఉంది. రెండు రోజులుగా చుక్క దొరకలేదు. వాడు గోడ మీద చీమలున్నాయని అరచేతులతో తుడుస్తున్నాడు. చీమల్లేవు.

నేను నేరుగా ఆయన ఇంటికి వెళ్లాను. ముందు దర్వాజ నుంచే. ఆయన ముంగిట్లో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు.

"కాకా, మా తమ్ముడు..." అన్నాను.

"ఎర్కె. ఆ పోరని చేతులు చూస్తనే ఉన్న. ఎప్పటిసంది తాగుతలేడు?"

"రెండ్రోజులైంది. అమ్మ తాళమేసింది."

"ఏమన్న కనవడ్తున్నయంటుండా?"

"చీమలంటుండు."

ఆయన సగం గీసిన గడ్డంతోనే లేచాడు. దారి పొడుగునా నన్ను తిడుతూనే వచ్చాడు. "సదువుకున్నవ్, సర్కారు బళ్లె పాఠాలు చెప్తవ్, అంత తాగినోనికి ఒక్కసారి బందు వెడితె పానం మీదికొస్తదని ఎర్కలేదా? తాళాలేసి మానిపిచ్చేదుంటె ఈ ఊళ్లె తాళాలు దొరుకునా?" మా గడపలో నిలబడి, ఆ కంగారులో కూడా, తల ఎత్తి కప్పును చూశాడు. తర్వాత అమ్మ చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. ఆ రోజు దగ్గర్లోని దవాఖానలో సూదులు వేయించి, సెలైన్ పెట్టించి, ఆయనే పక్కన కూర్చున్నాడు. వాడు కాస్త తేరుకున్నాక పట్నం బండెక్కాం. వాడు, ఆయన, నేను.

బండిలో ఆయన తమ్ముణ్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను ఇటువైపు కూర్చుని, ఎదురు సీటు మీద కాలు చాపాడు. ఆ కాలు దాటకుండా ఎవరూ బయటికి పోలేరు. చూసేవాళ్లకు మాత్రం అలసిపోయిన ముసలాయన కాళ్లు చాపుకున్నట్టు ఉంది.

"నన్ను పిచ్చోన్ని జేస్తున్నవ్ గదా కాకా" అన్నాడు తమ్ముడు.

"పిచ్చోన్ని నేనురా. నా గోలీలకు నేను పోతున్న. నువ్వు నాకు తోడొస్తున్నవ్. గట్లనుకో."

వాడు నవ్వాడు. చాలా కాలానికి వాడు నవ్వడం చూశాను. కానీ కాజీపేటలో బండి ఆగగానే ఆ కాలు తోసేసి కిందికి దూకాడు. నేను కేక వేయబోయాను. ఆయన నన్ను ఆగమని సైగ చేసి, సంచి భుజాన వేసుకుని, తొందరేమీ లేనట్టు దిగాడు. నేనూ దిగాను. తమ్ముడు ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూలబడి ఉన్నాడు, ఒళ్లంతా చెమట. ఆయన వెళ్లి పక్కన కూర్చున్నాడు. పట్టుకోలేదు, బతిమాలలేదు. మా కళ్ల ముందే బండి కదిలి వెళ్లిపోయింది.

"బండి పాయె" అన్నాడు తమ్ముడు కొంతసేపటికి.

"పోనియ్యి. ఇంకోటొస్తది."

"అది గూడ ఎక్క."

"సరె. దాని తర్వాతది సూద్దాం. పాలు తాగుతవా?"

పాలు తెచ్చాడు. తమ్ముడు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూడా సగం ఒలకబోసుకున్నాడు. ఆయన తన తువ్వాలతో వాడి షర్టు తుడిచి, ఆ తడి తువ్వాలే మళ్లీ భుజాన వేసుకున్నాడు. అప్పుడే ఏడ్చాడు వాడు. నాన్న పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. తర్వాతి బండి వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు, అంతే. వాడూ లేచాడు.

దవాఖానలో డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. కాకను చూడగానే కుర్చీలోంచి లేచి చేయి కలిపాడు. ఊళ్లో ఎవరూ ఆయనకు అట్లా చేయి కలపగా నేను చూడలేదు. తమ్ముణ్ని వార్డులో ఉంచుకున్నారు. నేను తిరిగి వచ్చేసరికి అమ్మ గడపలోనే కాచుకుని ఉంది. "పట్నంల ట్రైనింగుకు పోయిండని చెప్పిన. ఎవలకన్న వేరే చెప్పినవంటె నా మీద ఒట్టు" అంది. ఆమె బతికున్నంత కాలం ఆ ఒట్టు నిలిచింది.

తమ్ముడు బాగై వచ్చాడు. ఏడాది తిరగకముందే ఒక పెళ్లిలో మళ్లీ తాగాడు. అమ్మ తల బాదుకుంది, నేను ఇక వీడు మారడనుకున్నాను. కాక మాత్రం సంచి సర్దుకున్నాడు. "ఒకసారి జరమొచ్చి తగ్గినోనికి మల్ల రాదా? మల్ల పోవుడే" అన్నాడు. రెండోసారి వెళ్లి వచ్చాక వాడు ముట్టలేదు.

అందరి విషయంలో ఇట్లా జరగలేదు. ఒకతను పట్నం స్టేషన్లోనే కళ్లుగప్పి కల్లు కాంపౌండులోకి దూరాడు. కాక పొద్దంతా పట్నం వీధుల్లో వెతికి, ఒంటరిగా తిరిగొచ్చి, వాడి పెళ్లాం చేత నానా మాటలు పడ్డాడు. ఇంకొకతను బాగై వచ్చి, డబ్బు కోసమే నన్ను అక్కడ వేశాడని ఊరంతా చెప్పుకు తిరిగాడు. అట్లాంటప్పుడు ఆయన కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. వెనక సందులోంచి వచ్చినవాళ్లను కూడా కసురుకునేవాడు. తర్వాత మళ్లీ మామూలే.

బాగైనవాళ్లు అప్పుడప్పుడు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే మళ్లీ జారరని పట్నం డాక్టరు చెప్పాడట. దాని కోసం ఆయన కాలనీ పెద్దలను అడిగి, భజన మందిరం పక్క గది తీసుకున్నాడు. వారానికోసారి, సాయంత్రం. మొదట్లో నలుగురైదుగురు వచ్చారు. మా తమ్ముడూ వెళ్లేవాడు. బీడీలు కాల్చుకుంటూ, ఏ రోజు ఎంత కష్టమైందో చెప్పుకునేవాళ్లు. ఇంకేం లేదు.

మా దగ్గర అవి నక్సలైట్ల రోజులు. పదిమంది మగవాళ్లు ఒక గదిలో తలుపు వేసుకుని కూర్చుంటే, ఏ మీటింగు, ఎవరి మీటింగు అని ఆరాలు మొదలయ్యేవి. ఎవరో చెప్పారు, పోలీసులు వచ్చారు. ఆయన్ను స్టేషనుకు పిలిపించారు.

"మేం తాగుడు మానినోళ్లం సార్" అన్నాడట ఆయన.

"మానితే ఇండ్లల్ల పండుండ్రి. తాగనోళ్లకు మీటింగేంది?" అన్నాడట ఎస్సై. అక్కడున్నవాళ్లంతా నవ్వారట.

కొట్టలేదు, తిట్టలేదు. పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి పంపించారు. కానీ గది ఇచ్చిన పెద్దలు మర్నాడే తాళం మార్చారు. వాళ్లలో ఒకాయన కొడుకును కాకే పట్నం తీసుకుపోయి ఉన్నాడు. ఆ పెద్దమనిషి, "భక్తులు ఇబ్బంది పడ్తున్నరు" అన్నాడు. కొన్నాళ్లకు ఆ గదిలో మైకుసెట్లు పెట్టుకున్నారు. నలుగురూ చెదిరిపోయారు. వాళ్లలో ఒకడు మళ్లీ తాగుడులో పడి లారీ కింద పోయాడు. శవం దగ్గర కాక నిలబడి ఉంటే, "నీ గోలీలు ఏం జేసినయి కాకా" అని ఎవరో అన్నారు. ఆయన వంగి, శవం మీద జారిన గుడ్డ సరిచేశాడు.

తర్వాత సారా వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కిన రోజులు వచ్చాయి. మా ఊళ్లోనూ సభ పెట్టారు. మా తమ్ముడు అప్పటికి కార్మికుల్లో నాయకుడయ్యాడు. తెల్లచొక్కా వేసుకుని వేదిక ఎక్కాడు. తాను ఒకప్పుడు తాగుబోతునని ధైర్యంగానే చెప్పాడు. ఆ తర్వాత అన్నాడు:

"నన్నెవరు మానిపియ్యలె. ఏ మందు తినలె. ఒకనాడు మా అవ్వ మొకం జూసిన, మనసు గట్టిగ జేసుకున్న, ఇడిసిపెట్టిన. గంతె. మనసుంటె చాలు అన్నా."

చప్పట్లు మోగాయి. కాక జనంలో, వెనక వైపు, నా దగ్గర్లోనే నిలబడి ఉన్నాడు. ఆయనా చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"కాకా, వాడు గట్లెట్ల చెప్తడు?"

"చెప్పనియ్యి బిడ్డా. తాగుతలేడు గద."

వేదిక వైపే చూస్తూ, నాతో కాదన్నట్టు, మెల్లగా అన్నాడు: "బాగైనోళ్లు నోరు మూసుకుంటరు. చెడిపోయినోళ్లె లోకానికి కనవడ్తరు. ఇగ ఆ దవాఖానకు పోతె బాగైతరని ఎవలు నమ్ముతరు?"

ఆయన కోపంగా అనలేదు. నేను మాత్రం ఆ మాటను ఇప్పటికీ కోపంతోనే తలచుకుంటాను. ఎందుకంటే ఆ సభ జరిగిన కొన్ని నెలలకే, మా పక్క లైనులో ఒక కుర్రాడు పోయాడు. పెళ్లై ఎన్నో రోజులు కాలేదు. తాగుడు మానిపించాలని తండ్రి ఎక్కడో మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్లు స్తంభానికి కట్టేశారు. కట్టేసిన చోటే ఫిట్స్ వచ్చి చనిపోయాడు. ఆ తండ్రి మా తమ్ముడితో కలిసి పనిచేసేవాడు. కొడుకు గురించి వాణ్ని సలహా కూడా అడిగాడట. మనసు గట్టిగా ఉండాలని చెప్పి పంపించాడట మా తమ్ముడు. శవం లేపేటప్పుడు ఆ తండ్రి అందరి మొహాలూ చూస్తూ అడిగాడు, "గిట్లైతదని ఒక్కలన్న చెప్పితె నేను ఆడికి తీస్కపోదునా?"

ఉద్యోగం మానుకున్నాక ఆయన, చిన్నమ్మ క్వార్టరు ఖాళీ చేసి, ఊరి చివర రెండు గదుల ఇల్లు వేసుకున్నారు. పిల్లలు లేరు. కొన్నాళ్లకు పాత జబ్బు తిరగబెట్టింది. తాగలేదు గాని, నిద్ర కరువైంది. మళ్లీ మంచం బయటికి చేరింది. పట్నం తీసుకుపోవాలి, మనిషి సాయం కావాలి. చిన్నమ్మ ఆయనతో బండెక్కినవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది, ఈసారి ముందు దర్వాజల నుంచే. ఒకరికి షిఫ్టు. ఒకరికి చుట్టాలు. మా తమ్ముడికి వేజ్ బోర్డు మీటింగు. చివరికి మేమిద్దరం ఆడవాళ్లమే తీసుకుపోయాం.

ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను ఇటువైపు కూర్చుని, ఎదురు సీటు మీద కాలు పెట్టుకున్నాను. ఆయన చూసి, "కాలు దియ్యి బిడ్డా. నేనెక్కడికి పోత" అన్నాడు. ఆ రోజు ఆయన అన్న మాట అదొక్కటే. పాత డాక్టరు రిటైరయ్యాడు. కొత్తావిడ ఓపిగ్గానే చూసింది. మందులతో కుదుటపడ్డాడు గాని, పాత మనిషి కాలేదు. అప్పటికే ఊపిరితిత్తుల నిండా దుమ్ము. ఎండాకాలం చివర్లో, దగ్గుతూ దగ్గుతూ పోయాడు. పాడె మోయడానికి చాలినంతమంది లేక ఇరుగుపొరుగు నుంచి అరువు తెచ్చుకున్నారట.

దినాలకు మాత్రం జనం బాగానే వచ్చారు. భోజనాలుంటాయి గద. మా తమ్ముడు కూడా వచ్చాడు, నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని. నాయకుడు గనుక ఏ కార్మికుడి దినాలకైనా పోవాలి. ఫొటోకు దండ వేసి, "మంచి మనిషి. లాంప్ రూంల చాన యేండ్లు చేసిండు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు. పందిట్లో కూర్చున్న మగవాళ్లను చూశాను. అందులో పట్నం వెళ్లి వచ్చినవాళ్లు నాకు తెలిసినంతలోనే అరడజను మంది ఉంటారు.

వడ్డన మొదలయ్యేసరికి ఒక ఆడమనిషి పందిరి దగ్గరికి వచ్చింది. గోదావరి అవతల, రామకృష్ణాపూర్ నుంచి వచ్చానని చెప్పింది. వెంట ఆమె భర్త ఉన్నాడు. బాయిలో పనిచేసే మనిషే. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి. ఎండలో నిలబడి తనలో తానే ఏదో లెక్క చెప్పుకుంటున్నాడు.

"పట్నం దవాఖానకు తోలుకపోయే కాక ఇల్లు గిదేనా?" అని అడిగింది.

చిన్నమ్మ బయటికి వచ్చింది. "గిదే బిడ్డా. ఆయన పోయిండు. ఇయ్యాల దినాలు."

ఆమె పందిరి గుంజ పట్టుకుని కింద కూర్చుంది. "ఆరు నెలలసంది నిద్ర లేదవ్వా. గిన్ని ఊర్లు తిరిగినం. ఈయన పేరు నిన్ననే తెలిసింది." తలెత్తి పందిట్లోని వాళ్లందరి వైపూ చూసింది. "ఆ దవాఖానకు తోవ ఎర్కున్నోళ్లు ఎవలన్న ఉన్నరా?"

విస్తళ్ల ముందు అందరి తలలూ వంగిపోయాయి. ఆమెకు ఎదురుగా తెల్లచొక్కాతో నిలబడి ఉన్నది మా తమ్ముడు.

"అన్నా, నీకేమన్న ఎర్కనా?"

"నాకెర్కలేదమ్మా" అన్నాడు వాడు. "మీ దవాఖాన్ల డాక్టర్ను అడుగు."

వాడు ఆ మాట అంటూ నా వైపు చూడకపోతే నేను ఊరుకునేదాన్నేమో. వాడు చూశాడు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లైంది.

"నాకెర్కున్నది అక్కా" అన్నాను, అందరికీ వినబడేట్టు. "రామగుండంల పొద్దుగాల బండి ఎక్కాలె. నేనొస్త మీ ఎంట. భయపడకు, అక్కడ బాగైతరు. గీన మా తమ్ముడు. వీడు గూడ తాగి తాగి గోడ మీద చీమలున్నయన్నోడే. రెండుసార్లు వీన్ని ఈ కాకనె తీస్కపోయిండు. గా దవాఖాన గోలీలతోనె బాగైండు. చూడు, ఎట్లున్నడో."

ఆమె నిజంగానే చూసింది. వాడి బూట్ల నుంచి తల దాకా, ఆశగా చూసింది. చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వడ్డించేవాళ్ల చేతులు ఆగాయి. మా తమ్ముడు చేతిలో ఉన్న నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, బయటికి నడిచి, స్కూటరు తీసుకుని వెళ్లిపోయాడు. నేను బస్సు కోసం నిలబడ్డప్పుడు, తిని వస్తున్న వాళ్లలోంచి ఒకతను దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఓపీ ఇప్పుడు కొత్త బిల్డింగులకు మారిందక్కా. గేటు కాడ అడుగుండ్రి" అని గుసగుసగా చెప్పి దాటిపోయాడు.

మర్నాడు పొద్దుటి బండికి వాళ్లిద్దరితో నేనూ ఎక్కాను. అతన్ని వార్డులో చేర్చుకున్నారు. వర్షాలు పడ్డాక ఇద్దరూ చిన్నమ్మ ఇంటికి వచ్చి, ఆమె కాళ్లకు మొక్కి పోయారట.

మా తమ్ముడు ఆ రోజు నుంచి నాతో మాట్లాడడు. రాఖీ కట్టడానికి వెళ్తే, మరదలు గుమ్మంలోనే నిలబడి, ఇంట్ల లేడు వదినా అంది. లోపలి గదిలోంచి వాడి దగ్గు వినబడుతూనే ఉంది. రాఖీ ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. మళ్లీ తాగుడు మాత్రం మొదలుపెట్టలేదట. ఆ మాట కూడా ఊళ్లోవాళ్లు చెప్తేనే నాకు తెలిసింది.